వెడల్పు బొమ్మ

ఆ వారమంతా ఉత్తరపు జిల్లాల మీద పట్టిన మబ్బు కదల్లేదు. కింద మంచు ఒక్కసారిగా కరిగి ఏరులు పొంగుతున్నాయి. పైన మన ఉపగ్రహం రోజూ వేళ తప్పకుండా అటుగా వెళ్ళి, మబ్బుల్ని ఫోటో తీసి పంపుతోంది.

“పెళ్ళికూతురు ఇవాళ కూడా ముసుగు తియ్యలేదు,” అన్నాడు యెర్కిన్, తెర మీద తెల్లటి ఫోటో పరుస్తూ. “ముఖం చూపించమని ఎంత పాట పాడినా లాభం లేదు. కట్నాలు చదివించి ఇంటికి పోవడమే.”

“నీ వేళాకోళం ఆపి ఆ జిల్లా వాళ్ళ ఫోన్ తియ్యి,” అంది షినార్.

రాజధాని ఆస్తానాలో ఆ ఉపగ్రహ కేంద్రంలో విపత్తుల విభాగమంటే ముగ్గురే. ఓరల్బెక్ పెద్ద. అందరూ ఆయన్ని బళ్ళో మేష్టార్ని పిలిచినట్టు అగాయ్ అంటారు. రెండోవాడు యెర్కిన్, పట్నంలో పుట్టి పెరిగినవాడు. మూడో మనిషి షినార్. అక్‌జార్ ఏటి ఒడ్డున ఉజిన్‌బులాక్ అనే పల్లెలో గుర్రాలూ గొర్రెలూ మేపుకునే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. తండ్రి చిన్నప్పుడే పోతే అన్న తెమిర్జాన్ పెంచి చదివించాడు. అందుకే ఉద్యోగంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆమెకి పట్టుదల. సొంత ఊరివాళ్ళు ఫోన్ చేసి “మా గుర్రాలు తప్పిపోయాయి, పైనుంచి కాస్త చూసి పెట్టమ్మా” అంటే, “అది మన ఇంటి కిటికీ కాదు” అని పెట్టేసేది.

మబ్బుని దాటి చూడాలంటే రాడార్ ఉపగ్రహం కావాలి. అది ఆ కేంద్రం చేతిలో లేదు. ఉన్న పెద్ద దేశాలు మాత్రం ఎక్కడ విపత్తు వచ్చినా, అడిగినవాళ్ళకి ఊరికే బొమ్మ తీసి ఇస్తామని ఒప్పందం చేసుకున్నాయి. ఇచ్చిపుచ్చుకోవడమే. పోయినేడు ఎక్కడో దక్షిణాన అడవులు తగలబడితే మన ఉపగ్రహం కూడా ఫోటోలు తీసి ఇచ్చింది. ఆ దేశం పంపిన ధన్యవాదాల ఉత్తరాన్ని అగాయ్ అద్దం కట్టించి గోడకి తగిలించాడు.

ఆ రోజు సాయంత్రం అలాంటి పెద్ద దేశపు రాడార్ ఒకటి అక్‌జార్ ఏటి మీదుగా ఒక్కసారి పోతుంది. ఏం తియ్యాలో మధ్యాహ్నం పన్నెండులోపు చెప్పాలి. చెప్పే తీరు రెండు రకాలు. ఇరుకుగా అడిగితే ఒక పట్నమంత మేరే పడుతుంది గాని ఇళ్ళు, వీధులు విడివిడిగా తెలుస్తాయి. వెడల్పుగా అడిగితే ఏరు పొడుగునా పడుతుంది గాని అంతా అలుక్కుపోయి, నీళ్ళేవో నేలేదో అంతవరకే తెలుస్తుంది.

“ఇరుకుగానే అడుగుదాం,” అన్నాడు అగాయ్. “ఏటి ఒడ్డున తాస్కెషు పట్నం మీద. ఇల్లు ఇల్లుగా కనపడాలి. మొట్టమొదటి ఉపగ్రహాన్ని మోసిన రాకెట్టు లేచింది మన నేల మీంచి. అప్పట్నుంచీ లేచినవాటికి గొర్రెలు బెదిరి పరిగెత్తాయి, మనం తల పైకెత్తి చూశాం, అంతే. ఇవాళ ఒకణ్ణి అడిగి తెచ్చుకునేటప్పుడైనా, అడగడం తెలిసినవాడిలా అడగాలి. మంత్రిగారి తెర మీద ఆ మసక బొమ్మ వెయ్యలేను.”

షినార్‌కి మనసులో ఒక ములుకు ఉంది. ఏటి పొడుగునా గొర్రెల కాపరుల శీతకాలపు మకాంలు ఉంటాయి. అన్నకి కూడా ఒకటుంది. జిల్లావాళ్ళని అడిగితే, “మకాంలన్నీ ఖాళీ చేయించాం, పట్నం సంగతి చూడండి” అన్నారు. అయినా నమ్మకం చాలక ఇంటికి ఫోన్ చేసింది. వదిన బతిమా ఎత్తింది.

“ఏమ్మా గారాల పిల్లా, నీళ్ళలోంచి మాట్లాడుతున్నావా, గాల్లోంచి మాట్లాడుతున్నావా?” అంది వదిన. కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆడపడుచుని ఆమె పేరు పెట్టి పిలవలేదు, అక్కడ కోడళ్ళెవరూ పిలవరు.

“ఆఫీసులోంచే వదినా. అక్కడ ఎలా ఉంది?”

“ఎలా ఉంటుంది, నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి. మనవైపు మెరక కదా. అందరూ క్షేమం.”

“అన్నయ్య?”

“బయటికెళ్ళాడు, పశువుల దగ్గర.”

“గొంతేమిటి అలా ఉంది?”

“పొయ్యి పొగ. పిడకలు తడిశాయి. నువ్వు తిన్నావా? నీ పని చూసుకో, తల్లీ. మా గురించి బెంగెట్టుకోకు.”

షినార్ ఫోన్ పెట్టేసి, పట్నం చుట్టూ ఇరుకుగా చతురస్రం గీసి పంపింది. గంట తిరక్కుండానే ఆ పెద్ద దేశం నుంచి సరేనని జవాబొచ్చింది.

గేటు దగ్గర కాపలావాడు ఫోన్ చేసేసరికి పదకొండు కావస్తోంది. “మీ పెదనాన్నట, సెయిల్ఖాన్ గారు. మంచి కోటు వేసుకుని వచ్చారు. క్యాంటీన్లో కూర్చోబెట్టాను.”

సెయిల్ఖాన్ ఆమె తండ్రికి పెత్తండ్రి కొడుకు. ఆస్తానాలోనే కూతురి దగ్గర ఉంటాడు. ఫోన్ చెయ్యకుండా వచ్చే మనిషి కాదు. ఆస్పత్రి పనేదో పడి ఉంటుంది, పెద్ద డాక్టరుకి చెప్పించమంటాడు అనుకుంటూ షినార్ కిందికి దిగింది.

ఆయన టోపీ తియ్యకుండా నిటారుగా కూర్చున్నాడు. బల్ల మీద కూతురు వేయించి ఇచ్చిన పిండి ఉండలు సంచీలో ఉన్నాయి. షినార్ పాలు పోసిన టీ తెచ్చి, అక్కడి మర్యాద ప్రకారం గిన్నెలో సగానికే పోసి రెండు చేతులా అందించింది.

“కుర్చీ దగ్గరికి లాక్కో అమ్మా. ఆరోగ్యంగా ఉన్నావా? ఆఫీసు బాగుందా? వెచ్చగా ఉంటుందా?”

“ఉంటుంది పెదనాన్నా. మీ మోకాళ్ళెలా ఉన్నాయి?”

“మోకాళ్ళదేముంది, అవి నాకంటే ముందే ముసలివయ్యాయి.” ఆయన గిన్నెలోకి చూస్తూ తాగాడు. “మీ తాత దగ్గర ఒక బూడిదరంగు గుర్రం ఉండేది. నీకు తెలీదులే, నువ్వు పుట్టలేదు. ఎంత మంచి గుర్రమమ్మా! ఒక ఏడు మంచుగాలి వచ్చి మంద చెదిరిపోయింది. దేవుడిచ్చింది దేవుడే తీసుకుంటాడు, మనిషి చేతిలో ఏముంది చెప్పు.”

“నిజమే పెదనాన్నా.” షినార్ గోడ గడియారం వంక ఓరగా చూసింది. పైన అగాయ్ మంత్రిత్వశాఖకి కాగితం రాయమన్నాడు. ముసలాయన వచ్చిన పని చెప్పడు, మధ్యలో అడగడం మర్యాద కాదు.

ఆయన రెండో గిన్నె తాగాడు. అక్‌జార్ ఏరు తన చిన్నప్పుడు ఎలా పొంగేదో చెప్పాడు. ఆ కాలంలో మనుషులు ఎంత గట్టివాళ్ళో చెప్పాడు. గట్టి మనిషికి కూడా ఒక రోజు రాసిపెట్టి ఉంటుందన్నాడు. మూడో గిన్నె పోస్తుంటే ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు.

“మీ నాన్న పోయినప్పుడు నువ్వు బళ్ళో ఉన్నావు. గుర్తుందా? అప్పుడు కూడా నేనే వచ్చాను.”

షినార్‌కి గుర్తుంది. బడి హాస్టల్ వరండాలో ఇదే మనిషి, ఇలాగే మంచి కోటు తొడుక్కుని, ముందు చదువు గురించి అడిగి, తర్వాత ఎవరిదో గుర్రప్పిల్ల గురించి చాలాసేపు చెప్పాడు. చావు కబురు ఆడవాళ్ళు ఫోన్లో చెప్పకూడదు. ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుని, మనసుని మెల్లిగా మెత్తబరిచి చెప్పాలి. అది చెప్పేవాడి బరువు, వినేవాళ్ళ మీద దయ.

టీ గిన్నె బల్ల మీద పెట్టేసింది. “ఎవరు పెదనాన్నా?”

“ముందు టీ తాగమ్మా.”

“తెమిర్జాన్ అన్నయ్యా?”

“నీ వదినని తప్పు పట్టకు. ఆమె నోటితో అనకూడదు. మేమే వద్దన్నాం.”

“నేను ఏడవను. మీరు వరసగా చెప్పండి. ఎప్పుడు? ఎక్కడ?”

“నిన్న సాయంత్రం. మకాం దగ్గర కాపరీ, పెళ్ళామూ ఉండిపోయారట. ఖాళీ చెయ్యమంటే గొర్రెల్ని వదిలి రామన్నారు. వాళ్ళని తీసుకొస్తానని గుర్రమెక్కి వెళ్ళాడు. చీకటి పడ్డాక ఏరు కట్ట తెంపుకుంది. తెల్లవారుజామున గుర్రం ఒక్కటే వచ్చింది, జీనుతో.”

“మనిషి దొరికాడా?”

“నీళ్ళలో పోయినవాడు ఎక్కడ దొరుకుతాడమ్మా?”

“అంటే ఎవరూ చూడలేదు. ఉన్నాడో లేడో మీకూ తెలీదు.”

“గుర్రం ఒంటరిగా వస్తే దాని అర్థమేమిటో పల్లెలో పుట్టినదానివి, నీకు నేను చెప్పాలా?”

“నాకు పన్నెండులోపు తెలియాల్సింది అదే పెదనాన్నా!” ఆమె లేచి నిలబడింది. పెద్దవాడి ఎదుట గొంతు పెంచడం అదే మొదటిసారి. “మీరు వచ్చి ఇంతసేపైంది. బూడిదరంగు గుర్రం గురించి చెప్పారు!”

షినార్ మెట్లెక్కింది.

ఎక్కుతున్నంతసేపూ ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. చతురస్రం మార్చమని అడిగితే, అన్న కోసం అడిగినట్టే. అడక్కపోతే, అన్నని వదిలేసినట్టే. మార్చకుండా రెండూ తీసే వీలు లేదు, ఉపగ్రహం పోయేది ఒక్కసారే. పట్నంలో వేలమంది జనం. మకాంలో ముగ్గురు.

గది తలుపు తీసి, నిలబడే చెప్పింది. “అగాయ్, మా అన్న మకాం దగ్గర ఉన్నాడు. బతికున్నాడో లేదో తెలీదు. ఇంట్లోవాళ్ళు పొద్దున నాతో దాచారు. జిల్లావాళ్ళు ఖాళీ అయ్యాయన్నది అబద్ధం. బొమ్మ వెడల్పుగా తీయించాలని నాకు ఉంది. కానీ నా మాట మీద తీయించకండి. నేనిప్పుడు ఈ విషయంలో నోరు మూసుకోవాల్సిన మనిషిని. మీరిద్దరూ తేల్చండి.”

ఓరల్బెక్ కళ్ళజోడు తీశాడు. “కూర్చో.”

“కూర్చోలేను.”

“ఇరుకు బొమ్మ ఇప్పటికే పైవాళ్ళకి చెప్పేశాను. పట్నంలో పంపుహౌసు ఉంది, ఆస్పత్రి ఉంది…” ఆయన పక్కకి తిరిగాడు. “యెర్కిన్, నువ్వు చెప్పు. నీకు ఆ వైపు చుట్టాలెవరైనా ఉన్నారా?”

“నాకు ఆ జిల్లాలో అప్పులవాళ్ళు కూడా లేరు అగాయ్,” అన్నాడు యెర్కిన్. నవ్వలేదు. కుర్చీ తిప్పి పటం ముందుకి జరిగాడు. “పట్నం వాళ్ళని నిన్నే వెళ్ళిపొమ్మన్నారు. సగం మంది పోలేదు, నిజమే. వాళ్ళకి పడవలున్నాయి, పోలీసులున్నారు, కేకేస్తే వినేవాళ్ళున్నారు. ఏటి పొడుగునా మాత్రం ఎవరూ లేరు. ఎందుకు లేరు? మకాంలు ఖాళీ అన్నారు కాబట్టి. ఒక మకాం విషయంలో అబద్ధమైతే మిగతావి నిజమని ఎవరు చెప్పారు? నేనైతే వెడల్పే అడుగుతా. షినార్ అన్న కోసం కాదు.”

“కాదంటే ఎవరూ నమ్మరు,” అన్నాడు అగాయ్.

“నమ్మకపోతే పోనీ.”

“పంపుహౌసు వీధి మునిగి, మన దగ్గర బొమ్మ లేకపోతే?”

“అప్పుడు తిట్లు తింటాం. తినాల్సినవే.”

పక్క గదిలో ఎవరో ప్రింటర్ని చరుస్తున్నారు.

“మంత్రిత్వశాఖకి నేను చెప్పుకుంటా,” అన్నాడు ఓరల్బెక్. “షినార్ విషయం కూడా దాచను, ముందే చెప్తాను. ఫోన్ నువ్వు చెయ్యి యెర్కిన్. ఆమె చేత చేయించకు.”

అవతలి దేశంలో ఇంకా తెల్లవారలేదు. డ్యూటీలో ఉన్నది ఒక ఆడమనిషి, నిద్రగొంతు. ఒకసారి ఒప్పుకున్నదాన్ని ఎందుకు మారుస్తున్నారని అడిగింది. యెర్కిన్ షినార్ వంక చూశాడు, అగాయ్ వంక చూశాడు.

“మనుషులు ఎక్కడెక్కడ ఉన్నారో మాకు తెలుసనుకున్నాం,” అన్నాడు. “తెలీదు.”

అటువైపు కీబోర్డు చప్పుడు. “సరే. నాలుగు మూలలు చెప్పండి.”

షినార్ కిందికి వెళ్ళి చూస్తే సెయిల్ఖాన్ అక్కడే ఉన్నాడు. ఎదురుగా కాపలావాడు కూర్చుని పిండి ఉండలు తింటున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుని, “కోప్పడ్డాను పెదనాన్నా, క్షమించండి,” అంది.

“నేను చెయ్యాల్సినట్టే చేశానమ్మా. మా నాన్న అలాగే చేసేవాడు.” కాస్త ఆగి అడిగాడు. “ఆ ఫోటో తీసేది మనదేనా?”

“కాదు. వేరే దేశంది.”

“వాళ్ళకి మన ఉజిన్‌బులాక్ తెలుసా?”

“తెలీదు. నాలుగు మూలలు చెప్తే తీస్తారు.”

“మనిషి కనపడతాడా?”

“కనపడడు. నీళ్ళెక్కడ లేవో కనపడుతుంది.”

ముసలాయన చేతులు ముఖానికి ఎత్తి ఏదో చదువుకున్నాడు. ఇంటికి పొమ్మంటే చీకటి పడేదాకా పోలేదు.

బొమ్మ సాయంత్రం వచ్చింది. అగాయ్ భయపడినట్టే, కంబళి మీద బూడిద చల్లినట్టుంది. నీళ్ళు నల్లగా, నేల మసక తెలుపుగా. పట్నం ఒక తెల్లటి గరుకు మచ్చ, అంతే. ఏ వీధి మునిగిందో ఏది తేలిందో చెప్పే దారి లేదు. అన్న మకాం చుట్టూ నలుపే. కొట్టం ఉన్నచోట కూడా నలుపే. షినార్ మూసేసుకోబోయిన కళ్ళని బలవంతాన తెరిచి ఉంచింది.

“ఇదేమిటి?” అన్నాడు యెర్కిన్ వేలు పెట్టి. మకాంకి పడమరగా గొర్రెతోలంత లేత మచ్చ, దాని మీద మెరిసే చుక్క.

“అది గట్టు. మేం చిన్నప్పుడు జారుడాడేవాళ్ళం.” ఆమె తెర దగ్గరికి వంగింది. “గట్టు మీద ఏమీ ఉండదు. ఇల్లు లేదు, స్తంభం లేదు.”

“ఇంతగా మెరిసిందంటే ఇనుము. పెద్ద ఇనుము.”

“ట్రాక్టరు. కొట్టంలో ఉంటుంది ట్రాక్టరు, ట్రాలీతో సహా.”

“కొట్టంలోంచి గట్టెక్కాలంటే ట్రాక్టరు దానంతట అది ఎక్కదు కదా.”

కాపరికి కూడా ట్రాక్టరు నడపడం వచ్చు. ఆ మాట షినార్ పైకి అనలేదు.

ఏటి పొడుగునా చూస్తే ఇంకో రెండు మకాంలు అలాగే నీళ్ళ మధ్య ఉన్నాయి. మూడు చోట్ల మూలలూ రాసి జిల్లాకి పంపారు. హెలికాప్టర్ పొద్దున వెలుగు రాగానే లేస్తుందని అటునుంచి కబురు.

మర్నాడు షినార్ ముఖం కడుక్కుని కారిడార్లో వస్తుంటే యెర్కిన్ గదిలోంచి పరిగెత్తుకొచ్చి దారికడ్డంగా నిలబడ్డాడు.

“కానుక! కానుక ఇస్తేనే చెప్తా!”

మంచి కబురు తెచ్చినవాడు తప్ప ఎవడూ ఆ మాట అనడు. వెనక బెంచీ మీదనుంచి సెయిల్ఖాన్ లేచాడు. తెల్లవారగానే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు ఆయన. తన నక్కతోలు టోపీ తీసి యెర్కిన్ నెత్తిన పెట్టి, “ఇక చెప్పరా నాయనా, తొందరగా చెప్పు,” అన్నాడు. “ఈసారి నేను టీ పోయించను.”

“ముగ్గురూ ట్రాలీలో ఉన్నారు. మీవాడికి కాలి వేళ్ళు కమిలిపోయాయి, మిగతా అంతా బాగుంది. ట్రాక్టరెక్కేముందు గుర్రాన్ని అతనే కావాలని వదిలేశాడట, నీళ్ళలో నిలబడితే చస్తుందని. హెలికాప్టర్ ఎక్కమంటే ముందు గొర్రెలకి మేత వేసి పొమ్మని పైలట్‌తో పోట్లాడాడట.”

“గొర్రెలు మిగిలాయా?” అన్నాడు ముసలాయన.

“చాలా పోయాయి. కొన్ని గట్టెక్కాయి.”

“ఇంకో రెండు మకాంలు?” షినార్ అడిగింది.

“ఒకదాంట్లో ఎవరూ లేరు. రెండోదాంట్లో ఒక ముసలాయన, మనవరాలు, కప్పు మీద. తెచ్చారు.”

అగాయ్ గదిలో ఫోన్ మోగుతోంది. ఆయన మంత్రిత్వశాఖకి వెళ్ళాడు, వెడల్పు బొమ్మ సంగతి చెప్పుకోవడానికి. షినార్ కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఎత్తింది. తాస్కెషు నుంచి పడవల దళం పెద్ద, పేరు బెర్దిమురాత్ అన్నాడు. గొంతు పూర్తిగా పోయి ఉంది.

“చెల్లెమ్మా, స్టేషన్ వెనక పేటలో ఏ వీధి పొడిగా ఉందో చెప్పు. చీకట్లో రెండు పడవలు కంచెల్లో చిక్కుకున్నాయి. ఇంకో పడవ పోగొట్టుకోలేను.”

షినార్ ముందు బొమ్మ తెరిచే ఉంది. తెల్లటి గరుకు మచ్చ.

“చెప్పలేను అన్నా. ఇందులో వీధులు కనపడవు.”

“అదేమిటి? నిన్న ఇల్లు ఇల్లుగా తీస్తున్నామన్నారుగా!”

“మార్చాం. ఏటి పొడుగునా వెడల్పుగా తీశాం. మకాంలలో మనుషులున్నారని తెలిసింది. అందులో మా అన్న ఒకడు.”

అవతల గాలి చప్పుడు, ఇంజను చప్పుడు. తిడతాడని ఆమె కాచుకుంది.

“దొరికాడా?”

“దొరికాడు.”

“మంచిది.” ఆయన దగ్గాడు. “ఇక్కడ మాకు ఇంకా దొరకని ఇళ్ళున్నాయి. మళ్ళీ ఎప్పుడు తీస్తారు?”

“సాయంత్రం ఇంకో దేశం ఉపగ్రహం వస్తుంది. పన్నెండులోపు చెప్పాలి.”

“అయితే రాసుకో. స్టేషన్ వెనక, పాలకేంద్రం గోడ నుంచి ఏటి దాకా. అక్కడ తియ్యండి. ఈసారి మార్చకండి.”

“మార్చం,” అంది షినార్.

భుజంతో ఫోన్ నొక్కిపట్టి, పట్నం మీద ఇరుకుగా కొత్త చతురస్రం గీయడం మొదలుపెట్టింది. పాలకేంద్రం గోడ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా చెప్పమని ఆయన్ని మళ్ళీ అడిగింది.